తెలిసిన నిజం, రుజువైన నిజం



కాలువలు కట్టేసే వేసవి వచ్చిందంటే మన డెల్టాలో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "పనులకు టెండర్లు పిలిచారట". రెండవది, "కాంట్రాక్టర్లంతా రింగయ్యారట". ఆ రెండవ మాట అన్నవారిని "నీకెలా తెలుసు?" అని అడిగి చూడండి. "అది తెలియనివాడెవడు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎప్పుడైనా ఇలాంటి వ్యవహారం కోర్టు దాకా వెళ్లి, ఏళ్లు గడిచాక ముద్దాయిలు నిర్దోషులుగా బయటకు వస్తే, "డబ్బు పని చేసింది" అని ఆ తీర్పు మీద మనమే మరో తీర్పు చెప్పేస్తాం.

మనకు తెలుసు అనుకున్నది, కోర్టులో రుజువైనది, ఈ రెండూ ఒకటేనా? ఒకటి కాకపోతే, రుజువు కానిదాన్ని నిజమని నలుగురిలో చెప్పే హక్కు మనకుందా? పోనీ, రుజువు కాలేదు కాబట్టి నేరమే జరగలేదని ఊరుకోవాలా? ఈ వారం మనం ఈ ప్రశ్నలను ఆలోచిద్దాం. ఇవి వకీళ్లకే పరిమితమైన ప్రశ్నలు కావు. పొరుగువాని పరువు, ప్రజల సొమ్ము రెండూ వీటిలో ఇమిడి ఉన్నాయి.

రింగు అంటే ఏమిటి?

ఒక పనికి ప్రభుత్వం అంచనా వేసి టెండరు పిలుస్తుంది. ఎవరు తక్కువకు చేస్తామంటే వారికి పని. కాంట్రాక్టర్ల భాషలో చెప్పాలంటే, ఎవరు ఎక్కువ లెస్‌కు వేస్తే వారిది. పోటీ పడేవాళ్లు ఒకరి ధర ఒకరికి తెలియకుండా వేస్తేనే ఈ పద్ధతికి అర్థం. వాళ్లే ముందుగా ఒకచోట కూర్చుని, "ఈ పని నీది, వచ్చే పని నాది" అనుకుంటే, తక్కినవారు పేరుకు ఎక్కువ ధరకు డమ్మీ టెండర్లు వేస్తారు, లేదా అసలు వేయకుండా వాటా తీసుకుని తప్పుకుంటారు. కాగితం మీద నలుగురు పోటీ పడ్డట్టే ఉంటుంది. నిజానికి పోటీ లేదు. నష్టపోయేది కాలువ గట్టు, బడి గోడ, హాస్టలు పిల్లవాడి కంచం.

ఒకప్పుడు టెండరు పెట్టె దగ్గర మనుషులను కాపలా పెట్టి, పైవాణ్ణి కాగితం వేయనిచ్చేవారు కాదు. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ దౌర్జన్యం తగ్గింది. కానీ టెండరు వేయకముందు ఫోనులో జరిగే మాటను ఏ కంప్యూటరు ఆపగలదు? మద్యం దుకాణాల వేలంలో సిండికేట్ల మాట మనమందరం విన్నదే. 2011 చివర ఏసీబీ దాడులు జరిగాయి. ఆ మరుసటి ఏడు వేలం తీసేసి లాటరీ పెట్టారు.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి అనుకోకండి. ఊరి చెరువు పాటలో పాటదారులు ముందే మాట్లాడుకుని ఒకరిని నిలబెట్టి తక్కినవారు మౌనంగా కూర్చోవడం ఏమిటి? బడికి బెంచీలు కొనాలన్నా, గుడికి మైకుసెట్టు కొనాలన్నా మూడు కొటేషన్లు కావాలంటే, "మిగతా రెండూ కూడా నువ్వే తెచ్చిపెట్టు" అని ఆ కొట్టువాడికే చెప్పడం ఏమిటి? మొత్తం చిన్నది, అంతే. చేసిన పని మాత్రం అదే. పోటీ లేనిచోట పోటీ ఉన్నట్టు కాగితం పుట్టించడం అబద్ధపు సాక్ష్యమే.

మాటకు శాసనం ఉండదు

మన ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో రాళ్ల మీద వందల ఏళ్లనాటి శాసనాలున్నాయి. ఎవరు అఖండదీపం పెట్టించారు, దానికి ఏమి దానం ఇచ్చారు అని చెక్కించారు. దానం చేసినవాడు నలుగురికీ తెలియాలని రాతి మీద రాయిస్తాడు. రింగైనవాళ్లు మాత్రం తమ ఒప్పందాన్ని కాగితం మీద కూడా రాయరు. ఈ నేరానికి ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. హత్య జరిగితే శవం ఉంటుంది, దొంగతనం జరిగితే పోయిన వస్తువు ఉంటుంది. ఇక్కడ నేరమంతా ఒక మాట. ఆ మాట విన్నవాళ్లందరూ అందులో భాగస్తులే.

అందువల్ల దర్యాప్తు చేసేవారు ఆ మాట వదిలిన గుర్తులను వెతుకుతారు. వేర్వేరు టెండర్లలో ఒకే ధర ఉందా? ఒకే అక్షర దోషం రెండు కాగితాల్లోనూ కనిపిస్తున్నదా? ధరావత్తు డీడీలు ఒకే బ్యాంకులో ఒకే రోజు వరుస నంబర్లతో తీశారా? ఓడినవాడికి గెలిచినవాడు తర్వాత సబ్ కాంట్రాక్టు ఇచ్చాడా? వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఒకే ధర, రెండు తీర్పులు

ఈ విషయాన్ని సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన రెండు వ్యవహారాలు చక్కగా బోధిస్తాయి.

మొదటిది మన వరి రైతుకు దగ్గర సంగతి. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం ఫుడ్ కార్పొరేషన్ 2009లో టెండరు పిలిచింది. మూడు కంపెనీలు కిలోకు సరిగ్గా 388 రూపాయలే వేశాయి. అంతకు ముందు ఏళ్లలోనూ, 2002 నుంచి, ఇలాగే ఒకే ధరలు వేస్తూ వచ్చారని తేలింది. వాళ్ల ఫ్యాక్టరీలు వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఖర్చులు వేర్వేరు. అయినా ధర మాత్రం రూపాయి తేడా లేకుండా కలుస్తున్నది. కాంపిటిషన్ కమిషన్ జరిమానా వేసింది. 2017 మే 8న జస్టిస్ ఎ.కె.సిక్రీ, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ గారలతో కూడిన ధర్మాసనం, జరిమానా లెక్క తగ్గింపును సమర్థించినా, కుమ్మక్కు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది.

రెండవది మన వంటింటిది. 2010లో ఇండియన్ ఆయిల్ 105 లక్షల గ్యాసు సిలిండర్లకు టెండరు పిలిచింది. యాభై దాకా కంపెనీలు వేశాయి. రాష్ట్రాలవారీగా చూస్తే చాలామంది ధరలు ఒకటే, లేదా ఒకటిగానే ఉన్నాయి. పైగా బిడ్లు తెరవడానికి ముందు రోజుల్లో కొందరు తయారీదారులు ముంబయిలో ఒక హోటల్లో సమావేశమయ్యారు కూడా. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా! కమిషన్‌కూ అలాగే అనిపించి జరిమానాలు వేసింది. కానీ 2018 అక్టోబరు 1న సుప్రీం కోర్టు ఆ జరిమానాలను కొట్టేసింది. ఆ తీర్పు రాసింది కూడా జస్టిస్ సిక్రీ గారే.

ఒకే న్యాయమూర్తి ఏడాదిన్నర తేడాలో ఒకే రకమైన గుర్తును చూసి, ఒకచోట కుమ్మక్కు అన్నారు, మరొకచోట కాదన్నారు. ఎందుకని? ఆ సిలిండర్లు కొనేవాళ్లు దేశం మొత్తం మీద మూడే మూడు ప్రభుత్వ కంపెనీలు. సరుకు ఎలా ఉండాలో వాళ్లే చెబుతారు. అతి తక్కువ ధర తేలాక మిగతావారిని కూడా దానికి దగ్గరగా బేరమాడి దాదాపు అందరికీ ఆర్డరు పంచుతారు. పోయిన ఏటి ధర అందరికీ తెలిసిందే. కొత్తగా వచ్చినవారికి కూడా చోటు దొరికింది. అలాంటి అంగడిలో, ఎవరూ ఎవరితో మాట్లాడుకోకపోయినా ధరలు దగ్గరికి రావచ్చు. అంటే, ఒకే ధరకు కుట్ర కాని మరో కారణం కనిపిస్తున్నది. ధాన్యం బిళ్లల వ్యవహారంలో అటువంటి కారణమేదీ నిలబడలేదు.

అంబాజీపేటలో ఒక ఉదయం కొబ్బరి వ్యాపారులందరూ ఒకే ధర చెబితే కుట్ర అంటామా? అనం. ఆ రోజు మార్కెట్టు ధర అది. అదే వ్యాపారులు సీలు వేసిన కవర్లలో, ఎవరి లారీ ఖర్చు వారిదైన సరుకుకు, ఏడేళ్లపాటు పైసా తేడా లేకుండా ఒకే అంకె రాస్తే? అప్పుడు ఆలోచిస్తాం. గుర్తు ఒక్కటే. దాని చుట్టూ ఉన్న పరిస్థితి దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. "దీనికి మరో కారణం ఉండవచ్చునా?" అని అడగకముందే నిర్ణయానికి వచ్చేవాడు సాక్ష్యాన్ని తూచినట్టు కాదు, తన అనుమానాన్ని తూచినట్టు.

ఏ పనికి ఎంత నిశ్చయం?

పై రెండూ జరిమానా వ్యవహారాలు, జైలు కేసులు కావు. పోటీ చట్టం కింద విచారణలో ఏ వైపు మొగ్గు ఎక్కువగా ఉందో చూస్తారు. అదే సంగతి కుట్ర, మోసం అనే క్రిమినల్ కేసుగా వస్తే తూకం మారుతుంది. అక్కడ సందేహానికి తావులేని రుజువు కావాలి. ప్రత్యక్ష సాక్షి లేక పరిస్థితుల మీదే ఆధారపడవలసివస్తే ఎలా ఉండాలో సుప్రీం కోర్టు 1984లో శరద్ సార్దా కేసులో ఐదు సూత్రాలుగా చెప్పింది. వాటి సారం మన భాషలో తేలికగా తెలుస్తుంది. "చేసి ఉండవచ్చు" అన్న మాటకూ "చేసే ఉండాలి" అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరమంతా సాక్ష్యంతోనే దాటాలి గానీ ఊహతో గెంతకూడదు. గొలుసులో ఒక్క లింకు తెగినా కుదరదు. నిర్దోషిత్వానికి సరిపడే మరో వివరణకు చోటు మిగలకూడదు.

ఇంత కఠినం ఎందుకు? జరిమానా తప్పని తేలితే తిరిగి ఇవ్వవచ్చు. జైలులో పోయిన ఏళ్లను ఎవరు తిరిగి ఇస్తారు?

పునీత అక్వినాసు తోమాసు గారు ఈ విషయాన్ని ఏడువందల ఏళ్ల క్రితమే ఆలోచించారు. మనుషుల పనుల విషయంలో లెక్కల్లో దొరికేటంత నిశ్చయం దొరకదు, చాలావరకు నిజాన్ని చేరేంత నిశ్చయంతోనే తృప్తిపడాలి, అందుకే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్నారు. ఇంకొక మాట మరీ కఠినమైనది. న్యాయాధిపతి తనకు సొంతంగా తెలిసినదాన్ని బట్టి కాక, తన ముందు బహిరంగంగా ఉంచిన సాక్ష్యాన్ని బట్టే తీర్పు చెప్పాలన్నారు. కుర్చీలో కూర్చున్నది అతని సొంత మనస్సు కాదు, ప్రజలందరి అధికారం. ఆ అధికారం అందరికీ కనిపించే వెలుతురులోనే నడవాలి.

ఏలూరు బిడ్డ సాక్ష్యం

మన గోదావరి జిల్లాల మనిషి ఒకరు సాక్షిగా నిలబడిన పెద్ద కేసు ఒకటుంది. 2జీ స్పెక్ట్రమ్ కేసు. అది సరిగ్గా టెండరు కుమ్మక్కు కాదు. వేలం వేయకుండా, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిని కొందరికి అనుకూలంగా మలిచారన్నది ఆరోపణ. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు అప్పుడు కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి. 2001లో నిర్ణయించిన ధరకే 2007లో లైసెన్సులు ఎలా ఇస్తారని 2007 నవంబరు 22న టెలికాం శాఖకు ఉత్తరం రాశారు. తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసి, పదవి దిగాక 2014లో ప్రాసిక్యూషన్ సాక్షిగా కోర్టుకు వచ్చారు.

దేశానికి 1,76,000 కోట్లు నష్టమని కాగ్ అంచనా వేసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీం కోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. నేరం జరిగిందని దేశమంతా నమ్మింది. కానీ 2017 డిసెంబరు 21న ప్రత్యేక న్యాయమూర్తి ఓ.పి.సైనీ గారు ముద్దాయిలందరినీ నిర్దోషులని విడిచిపెట్టారు. ఏడేళ్లపాటు ప్రతి పనిదినం, వేసవి సెలవుల్లో కూడా, ఉదయం నుంచి సాయంత్రం దాకా చట్టానికి నిలిచే సాక్ష్యంతో ఎవరైనా వస్తారేమోనని కోర్టులో ఎదురుచూశానని, ఒక్కరూ రాలేదని, అందరూ పుకారును పట్టుకునే నడిచారని ఆయన తీర్పులో రాశారు. ఫైళ్లలో ఉన్నదాన్ని తప్పుగా, కొంత వదిలేసి చదివి ఛార్జిషీటు కట్టారని, దర్యాప్తులో చెప్పిన మాటలను సాక్షులు బోనులోకి వచ్చాక తమవి అనలేదని కూడా రాశారు.

మరి సుప్రీం కోర్టు లైసెన్సులు రద్దు చేసిందే, ఈ రెండు తీర్పులూ ఒకదానినొకటి కాదంటున్నాయా? లేదు. సుప్రీం కోర్టు అడిగిన ప్రశ్న, "ఈ పద్ధతి న్యాయంగా ఉన్నదా?" సైనీ గారి కోర్టు అడిగిన ప్రశ్న, "ఈ మనుషులు నేరం చేసినట్టు రుజువైందా?" మొదటిదానికి "లేదు" అని జవాబు వచ్చినంత మాత్రాన రెండవదానికి "అవును" అని రాదు. పద్ధతి చెడ్డదైనా ఫలానావాడు నేరస్థుడని విడిగా రుజువు చేయాలి. ఆ కేసు కూడా ముగియలేదు. సీబీఐ అప్పీలును 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు విచారణకు స్వీకరించింది. కాబట్టి వాళ్లు దొంగలే అని తీర్మానించడం ఎంత తొందరపాటో, ఏమీ జరగలేదని చాటడమూ అంతే తొందరపాటు.

సాక్షి బరువు

రింగు కేసులో నిజం తెలిసినవాళ్లు అందులో ఉన్నవాళ్లే కాబట్టి, చాలాసార్లు ఒకడు అప్రూవర్‌గా మారి మిగతావారి పేర్లు చెబుతాడు. తన మెడ తప్పించుకోవడానికి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి? అతని మాటకు బయటి నుంచి మరో ఆధారం దొరకాలని కోర్టులు చూస్తాయి. డీడీ నంబరు కలవాలి, ఫోను రికార్డు కలవాలి, సమావేశమైన చోటి రిజిస్టరు కలవాలి.

దానియేలు గ్రంథంలోని సూసన్న కథ మీకు తెలుసు. ఇద్దరు పెద్దలు, ఊరంతా గౌరవించేవారు, ఒకే మాట చెప్పారు. సాక్షుల లెక్క సరిపోయింది, జనం నమ్మేశారు, శిక్ష కూడా పడింది. దానియేలు చేసినదేమిటి? ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు కింద చూశావని ఒక్కొక్కరినీ అడిగాడు. ఇద్దరూ రెండు చెట్లు చెప్పారు. ఇద్దరు చెప్పినంత మాత్రాన రెండు సాక్ష్యాలు కావు. ఇద్దరూ కూడబలుక్కుంటే అది ఒకే సాక్ష్యం, రెండు నోళ్లతో చెప్పినది. గమనించండి, టెండరులో రింగు ఎలాంటిదో సాక్ష్యంలో కూడబలుక్కోవడం కూడా అలాంటిదే. విడివిడిగా రావలసిన మాటలను ముందే కలిపేయడమే రెండింటిలోనూ ఉన్న మోసం.

"ఇలాగైతే తెలివైనవాళ్లంతా తప్పించుకుంటారు కదా, ఫాదర్‌గారూ!" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కొందరు తప్పించుకుంటారు, నిజమే. దానికి మందు రుజువు కొలతను తగ్గించడం కాదు. తగ్గించిన కొలత రేపు అమాయకుడైన చిన్న కాంట్రాక్టరు మీద, సంతకం పెట్టమంటే పెట్టిన గుమాస్తా మీద పడుతుంది. అయితే ప్రతి పనికీ అంత నిశ్చయం అవసరం లేదు. విచారణ మొదలు పెట్టడానికి తగిన అనుమానం చాలు. టెండరు రద్దు చేసి మళ్లీ పిలవడానికి బలమైన కారణాలు చాలు. కాంట్రాక్టరును బ్లాకులిస్టులో పెట్టడానికి అతని మాట కూడా విని, ఏ వైపు మొగ్గుందో చూస్తే సరిపోతుంది. మనిషిని జైలుకు పంపడానికి మాత్రం సందేహం మిగలకూడదు. అధికారులు మొదటి మూడూ చేయకుండా ఊరుకుని అంతా క్రిమినల్ కోర్టు మీదికి నెట్టేస్తే, కోర్టు వదిలేసిన రోజున ప్రజల సొమ్ముకు ఇక దిక్కుండదు.

మరి మన నోటికి ఎంత నిశ్చయం కావాలి? మనం జడ్జీలం కాము గనుక ఏమైనా అనవచ్చు అనుకుంటాం. కానీ ఊళ్లో నోటిమాట కూడా శిక్షే. "వాళ్ల నాన్న మీద కేసుందట" అన్న ఒక్క మాటతో ఆడపిల్ల సంబంధం తప్పిపోయిన ఇళ్లు మీకు తెలుసు. ఆ శిక్షకు అప్పీలు లేదు. మంచివాణ్ణి చెడ్డవాడనుకుని అరుదుగా పొరబడటం కంటే, చెడ్డవాణ్ణి మంచివాడనుకుని తరచుగా మోసపోవడమే మేలని అక్వినాసు గారు అన్నారు. అంటే కళ్లు మూసుకోమని కాదు. అనుమానం ఉన్నవాడికి సంఘం డబ్బు అప్పగించకండి, లెక్కలు అడగండి. అది జాగ్రత్త. "వాడు దొంగ" అని నలుగురిలో అనడం తీర్పు. జాగ్రత్తకు అనుమానం చాలు, తీర్పుకు చాలదు.

చివరిగా అందరికంటే బరువైన బాధ్యత ఉన్నవారితో ఒక మాట. ఆఫీసులో అటెండరు, టైపిస్టు, సూపర్‌వైజరు, డీడీలు తీసిన గుమాస్తా, వాటా పుచ్చుకుని తప్పుకున్న చిన్న కాంట్రాక్టరు. వీరు పొరుగూరివారు కారు, మన కుటుంబాలలోనే ఉన్నారు. కేసులు చాలా మటుకు కోర్టులో ఓడిపోయేది చట్టం బలహీనమై కాదు, చూసినవాడు చూడలేదన్నందువల్ల. భయం ఉంటుంది, కాదనను. ఉద్యోగం, పిల్లలు, ఊళ్లో బతుకు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆమోదించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రతి రాష్ట్రం అటువంటి పథకం పెట్టాలంటున్నది. కాగితం మీది రక్షణ మనిషికి చాలదు, నిజమే. కనుక నిజం చెప్పిన సాక్షిని ఊరు వెలివేయకుండా చూడవలసింది మనమే. అతని కొట్టులో సరుకు కొందాం, అతని ఇంటి పెళ్లికి వెళదాం.

తెలియనివాడు తెలిసినట్టు మాట్లాడటం, తెలిసినవాడు తెలియనట్టు ఊరుకోవడం. ఈ రెండు అబద్ధాల మధ్య మన ఊళ్లలో నిజం నలిగిపోతున్నది. మొదటివారు నోరు అదుపులో పెట్టుకుని, రెండవవారు నోరు విప్పితే, మన కాలువ గట్టుకూ మన పొరుగువాని పేరుకూ న్యాయం జరుగుతుంది. వచ్చే టెండర్ల నాటికి మీరు ఈ ఇద్దరిలో ఎవరో, మీ ఇంట్లో కూర్చుని మీరే ఆలోచించుకోండి.